ఎండ వంతు

అన్నాలు తినే రోజుల్లోనూ కోడళ్లం చివరే కూర్చునేవాళ్లం, ఇప్పుడు మాత్రం ఎందుకు మారుతుంది, అనుకుంటూ హైమ మట్టి ఉప్పులు నీళ్లలో కలుపుతోంది. మనుషుల ఒంటికి ఆకుపచ్చ వచ్చి ఎండే తిండయ్యాక వంటిల్లు పోయింది, వరస మిగిలింది. బాల్కనీలో ఎండ ఒక్క కుర్చీ మేరే పడుతుంది. ముందు మామగారు, తర్వాత భర్త శ్రీకంఠం, ఆపైన అత్తగారు. హైమ వంతు వచ్చేసరికి ఎదురు మేడ నీడ కమ్మేస్తుంది.

కుర్చీలో శ్రీకంఠం ఒక కన్ను తెరిచాడు. "చేతులు అలా పసుపుపచ్చగా పాలిపోయాయేం?"

"ఆకలి."

"ఇనుము తగ్గుంటుంది. గ్లాసుల్లో మిగిలిన మడ్డి తాగు."

"మా రోజుల్లో కోడళ్లకి ఇంత ఆకలుండేది కాదమ్మా," అంది అత్తగారు.

హైమ గ్లాసు కింద పెట్టింది. కుర్చీ ముందుకొచ్చి, అతని ఒంటి మీద తన నీడ పూర్తిగా పడేలా నిలబడి, ఎండలోకి రెండు చేతులూ చాచింది.