గురువారం భోజనం

గురువారం మధ్యాహ్నం కూతురు ఆఫీసు నుంచి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది.

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది.

అమ్మకు ఎదురుగా ఎవరో పెద్దావిడ. ఇద్దరి ముందూ పళ్ళేలు. అమ్మ పళ్ళెం ఖాళీ.

సంతోషించాల్సింది పోయి కూతురు ఉలిక్కిపడింది.

మూడేళ్ళుగా అమ్మ రెండు ముద్దలు మించి తిన్నది లేదు. తింటే కడుపుబ్బరం, గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. ఆసుపత్రిలో రెండుసార్లు నోట్లోంచి గొట్టం వేసి చూశారు.

"కడుపులో ఏ రోగమూ లేదు. దిగులుంటే తిన్నది అరగదు. ఆవిణ్ణి మాట్లాడనివ్వండి," అన్నాడు డాక్టరు.

ఆ దిగులేమిటో కూతురికి తెలుసు. మూడేళ్ళ కిందట, లిఫ్టులు బాగుచేసే తన తమ్ముడు లిఫ్టు కింది గుంతలో పనిచేస్తుండగా, ఆపరేటరు చూసుకోకుండా మెయిన్ స్విచ్ వేశాడు. లిఫ్టు మీదికి దిగి తమ్ముడు దక్కలేదు.

ఆ మాటెత్తితే అమ్మ కుప్పకూలుతుందని ఇంట్లో వాడి ఊసే రానివ్వలేదు కూతురు. ఆపరేటరు మీద కేసుకీ తానొక్కతే తిరుగుతోంది.

"ఎవరమ్మా ఈవిడ?"

"ఆసుపత్రిలో పరిచయం. తనకీ నా జబ్బే. గురువారం గురువారం వస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలలు."

నాలుగు నెలలు! తనకు తెలియకుండా!

కూతురు ఆవిడ సంచి లాక్కుని బల్ల మీద గుమ్మరించింది. కళ్ళజోడు, చేతిరుమాలు, నాలుగైదు బస్సు టికెట్లు.

"ఏం మందు పెడుతున్నారు మా అమ్మకి?"

"మందేం లేదమ్మా. మాట్లాడుకుంటాం, అంతే."

"దేని గురించి?"

"పిల్లల గురించి."

"మీదెక్కడ? మీవాళ్ళెవరు?"

ఆవిడ అమ్మ వైపు చూసింది. అమ్మ తల దించుకుంది.

"ఎవరో చెప్పుకోలేని మనిషికి మా ఇంట్లో ఏం పని? ఇంకోసారి ఈ గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను!"

ఆవిడ తను తిన్న పళ్ళెం కడిగి బోర్లించింది. వస్తువులు ఏరుకుని వెళ్ళిపోయింది.

"ఎందుకే అంత మాటన్నావు?" అంది అమ్మ.

"నీ మంచికే."

తరువాతి గురువారం అమ్మ ఒక్క ముద్దే తింది. ఆపై గురువారం అదీ కక్కేసింది. రెండు నెలలు తిరిగేసరికి ఆసుపత్రి మంచం మీద అమ్మకు సెలైన్ ఎక్కుతోంది.

"నాదే తప్పమ్మా. ఆవిణ్ణి తీసుకొస్తే తింటావా? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. ఇల్లెక్కడో తెలుసా?"

అమ్మ సందు పేరు, ఇంటి నంబరు చెప్పింది.

"వెళ్ళు. కానీ తలుపెవరు తీసినా గొంతు పెంచనని నాకు మాటివ్వు."

కూతురికి ఏమీ అర్థం కాలేదు. అయినా మాటిచ్చింది.

ఆ చిరునామాకు వెళ్తే, మూడో అంతస్తులో పక్కింటామె ఆపింది.

"ఆవిడ కోసమా? పోయి పది రోజులైందమ్మా. పాపం, ముద్ద దిగక చిక్కి శల్యమైంది. ఇదివరకు గురువారాలు మాత్రం ఎక్కడో కడుపునిండా తినొచ్చేది. ఏమైందో ఏమో, అదీ మానేసింది. లోపల కొడుకున్నాడు, పలకరించి వెళ్ళండి."

కూతురు వెనక్కి తిరిగింది. రెండు మెట్లు దిగి ఆగింది. మళ్ళీ పైకెక్కి తలుపు తట్టింది.

తలుపు తీసినవాణ్ణి ఆమె మూడేళ్ళుగా, ప్రతి వాయిదాకీ, కోర్టు బోనులో చూస్తూనే ఉంది.