ఆర్డరు లేకుండా

ఆర్డరు లేకుండా మోకు విప్పి లాంచీని కదిలించాడని సన్యాసిరావుకు మెమో ఇచ్చి, చుక్కాని దగ్గర నుంచి దించేశారు. ఎనిమిదేళ్ల తర్వాత, ఆర్డరు కోసం ఎదురుచూడకూడదని నేర్పడానికి అదే కంపెనీ ప్రత్యేకంగా ఒక మనిషిని పిలిపించింది. ఇదేం న్యాయమని అడిగే ఓపిక అతనికి ఏనాడో పోయింది.

దీవిలోని హోప్ టౌన్ జెట్టీ పక్కన రేకుల షెడ్డులో లాంచీ వాళ్లను, టికెట్ల వాళ్లను, వర్క్‌షాపు వాళ్లను కలిపి నిలబెట్టారు. నేర్పడానికి వచ్చిన అమ్మాయి వాసవి. ఇక్కడే గరాచర్మలో పుట్టి పెరిగి, బెంగుళూరు వెళ్లి ఈ విద్య నేర్చుకొచ్చింది. దాన్ని ఎజైల్ అంటారట. గోడ మీది బోర్డుకు రంగురంగుల చీటీలు అంటించింది.

"రోజూ పొద్దున్నే ఇలా నిలబడి మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, మనకు ఏది అడ్డమొస్తోంది. బస్, అంతే."

"కూకుంటే ఏటవుద్ది దీదీ?" అన్నాడు ఇంజను డ్రైవరు అప్పలరాముడు.

"కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల దాకా లేవరు భయ్యా."

"అయితే రాసుకోండి. నాకు అడ్డమొచ్చేవి నా మోకాళ్లే."

అందరూ నవ్వారు. వెనక స్తంభానికి ఆనుకున్న సన్యాసిరావు నవ్వలేదు. మెమో వచ్చిన నాటి నుంచి అతనిది జెట్టీ మీద పని. లాంచీ వస్తే మోకు అందుకుని ఇనుప గుంజకు తగిలించాలి. కదిలేటప్పుడు గుంజ మీంచి తీసి లాంచీలోకి విసరాలి. ఆ మోకును ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. చేతికి మోకు, కళ్లకు చుక్కాని. ఎనిమిదేళ్లూ అలాగే గడిచాయి.

"ఏ చిన్న పనికైనా ఆఫీసు చెప్పాలని ఆగకండి," అంది వాసవి. "నీళ్ల మీద ఉన్నది మీరు. నిర్ణయం కూడా మీ టీముదే. దీనికి ఉదాహరణ బెంగుళూరు నుంచి తేనక్కర్లేదు, ఇక్కడే ఉంది."

కుర్చీలోంచి యజమాని గోపినాథ్ లేచాడు. కొత్త స్పీడు బోట్లు వచ్చి ప్రయాణికులను లాక్కుపోతుంటే పాత పద్ధతి మీద ఆయనకు నమ్మకం పోయింది.

"సునామీ రోజు జనంతో నిండిన లాంచీని, ఆఫీసు నుంచి మాట రాకుండానే లోతు నీళ్లలోకి తీసుకుపోయి అందరినీ బతికించాడు సన్యాసిరావు. మెమో ఇచ్చింది నేనే. తప్పు నాదే. ఇవాళ్టితో అది రద్దు. రేపటి నుంచి చుక్కాని మళ్లీ నీదే, నువ్వే సరంగువయ్యా!"

చప్పట్లు కొట్టారు. సన్యాసిరావు అరచేతులు వాటంతటవే ముడుచుకున్నాయి, చుక్కాని అందినట్టు.

"మావా, పార్టీ!" అని అరిచాడు అప్పలరాముడు. వెంటనే గొంతు తగ్గించాడు. "అత్త ఉంటే ఎంత మురిసిపోయేదో."

సన్యాసిరావు భార్య తాయారమ్మ ఆ సునామీ అలలోనే పోయింది. ఒడ్డునున్న ఇంట్లో ఉండగా పోయిందని ఊరంతా అనుకుంది. అతను అనుకోనిచ్చాడు.

"అంకుల్, ఒక్కసారి చేసి చూపిస్తారా? అందరికీ గుర్తుండిపోతుంది," అంది వాసవి.

ఒక కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది. తాడు తెచ్చి ఒక కొస కుర్చీకి కట్టి, రెండో కొస దూరంగా ఉన్న స్తంభానికి తగిలించింది.

"కుర్చీ లాంచీ. స్తంభం జెట్టీ మీది గుంజ. ఇంజను నడుస్తోంది. నీళ్లు పైకొస్తున్నాయి. మోకు మనిషి ఎక్కడున్నాడు?"

"సెలవు. క్రిస్మస్ మర్నాడు కదా," అన్నాడు సన్యాసిరావు.

"మీ చేతులు చుక్కాని మీద ఉన్నాయి. మోకు అక్కడ ఉంది. అందదు." ఆమె స్తంభం దాకా నడిచి వెనక్కి చూసింది. "మీరే దిగి విప్పి, మళ్లీ ఎక్కారా?"

ఈ ప్రశ్న ఎంక్వైరీలో కూడా ఎవరూ వేయలేదు. ఎవరి ఆర్డరు అని అడిగారు గానీ, ఎవరి చెయ్యి అని అడగలేదు.

అవునంటే సరిపోయేది. ఎనిమిదేళ్లు ఊరుకుంటేనే సరిపోయింది. ఇప్పుడు ఒక్క మాట అనేస్తే రేపు చుక్కాని అతనిదే. గోపినాథ్ చిరునవ్వుతో తల ఊపుతున్నాడు, అనమన్నట్టు.

సన్యాసిరావు కుర్చీలోంచి లేచాడు.

"నాను దిగనేదు."

"మరి?"

"దిగనేదమ్మా. ఆర్డరు కోసం కూకున్నాను. జనమంతా నీళ్లకేసి సూస్తన్నారు. నాను వైర్‌లెస్ కేసి సూస్తన్నాను. ఆ ఆర్డరు ఇయ్యాల్టికీ రానేదు."

బయట లాంచీ హారన్ మోగింది. అతను స్తంభం దగ్గరికి వెళ్లి తాడు తీసి నేల మీద పడేశాడు. జెట్టీ వైపు నడవబోయాడు.

"సన్యాసిరావ్, రేపు చుక్కాని..." అన్నాడు గోపినాథ్.

"నాకొద్దు బాబూ. నాకా గుంజ కాడే బాగుంది."

"మరి ఆ రోజు మోకు ఇప్పిందెవరు మావా?" అన్నాడు అప్పలరాముడు.

సన్యాసిరావు గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"నాకు సద్ది పట్టుకొచ్చిన మా తాయారు. గిన్నె జెట్టీ మీద పెట్టి, గుంజ మీంచి మోకు తీసి లోనికి ఇసిరీసి, 'నన్ను సూస్తావేటి, ఎల్లు' అంది. నాను ఎల్లిపోనాను. ఇక ఈ ఊసు నా కాడ ఎవులూ ఎత్తకండి."