పాపక్క పగ

"నీళ్లా? చుక్క గూడా ఇయ్యను." బావిగట్టు మీంచి లేవకుండానే అంది పాపక్క.

పక్కింటి వరూధిని ఖాళీ బిందెతో అలాగే నిలబడింది. ఈ కాడుగోడి ఊరికి కాపురం వచ్చిన ఏడాదే ఆమె లోతుగా బోరు వేయించింది. దాంతో పాపక్క బావి ఎండిపోయింది. అప్పుడు పాపక్క బిందెతో వెళ్తే, "ట్యాంకర్ తెప్పించుకోండి" అని వరూధిని తలుపేసుకుంది.

"మా బోరు ఎండిపోయిందండీ. మీ బావిలోకి మాత్రం నీళ్లెలా వచ్చాయి?"

"మిద్దె మీద పడిన వానంతా దీంట్లోకే మళ్లించినా." పాపక్క గడ్డపార తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "నీ బోరు పక్కన ఇంకుడుగుంత తవ్వు. మీ మిద్దె వానంతా దాంట్లోకి వదులు."

వరూధిని కళ్లు చెమర్చాయి. "మీది ఎంత మంచి మనసండీ!"

"మంచి మనసు గాదమ్మా, పగ. నా నీళ్లు భూమిలోంచే లాక్కుంటివి గదా, ఆ దోవనే తిరిగి పంపు."