ఖరీదైన ముగ్గురు

"ఆ ముగ్గురు ఖరీదైన మిడ్‌ఫీల్డర్లనీ ఇప్పుడే తీసేసుకో," అన్నాడు డారిల్, మంచం మీంచే.

నోలీన్ ఫోన్‌లోంచి తలెత్తింది. ఆ గురువారమే, వాళ్లు ఫుటీ అని పిలుచుకునే ఫుట్‌బాల్ సీజన్ మొదలు. ఏళ్లుగా బెండిగోలో ఆ భార్యాభర్తలిద్దరిదీ ఫోన్‌లో నిజం ఆటగాళ్లను కొని ఆడే ఒకటే ఫ్యాంటసీ జట్టు. చవక కుర్రాళ్లతో మొదలుపెట్టి, వాళ్ల ధర పెరిగాక అమ్మేసి, అప్పుడు పెద్ద ఆటగాళ్లను కొనడం డారిల్ పద్ధతి.

"మతి పోయిందా? జూన్‌కల్లా వాళ్లే చవకవుతారని నువ్వేగా అంటావు!"

"ఈసారి జూన్ దాకా ఆగలేను."

"ఓపిక పట్టు ముసలోడా. జూన్‌లో చలి మొదలయ్యేసరికి నువ్వే లేచి మైదానానికొస్తావు. వేడివేడి మీట్ పై కొనిపెడతా, తిందువుగాని," అని నవ్వబోయింది. డాక్టరు చెప్పిన మాటను నిన్నటి నుంచీ ఆమె తనలోనే దాచుకుంది. అతనికి చెప్పలేదు.

డారిల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాకూ చెప్పాడే, నీకంటే ముందే. నువ్వు ఏడుస్తావని ఊరుకున్నా. ఉన్నన్నాళ్లూ మంచి ఆట చూడనీ."

నోలీన్ ఫోన్‌ని అతని వైపు తిప్పింది. కళ్లు మసకేస్తుంటే, పేర్లు అతన్నే చదవమని ఒక్కొక్కటే నొక్కింది.

"మరి వెనక వరసలోకి ఎవర్ని వేద్దాం?" అంది, అతని పక్కనే మంచం మీద చోటు చేసుకుంటూ.