నత్త ఒప్పుకోలేదు

"అందరూ సరేనన్నారు సార్, ఒక్క నత్త తప్ప," అన్నాడు లాయరు, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్‌ని ఇటు తిప్పి.

ఇంటాయన అటు చూడలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. చిన్న చిన్న క్లినిక్కుల కోసం అతను తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి రాత చూడొచ్చు, తమకు తోచింది చేర్చొచ్చు. ఆ చేర్చినవాళ్ళంతా ఒప్పుకుంటే తప్ప దాన్ని పెద్ద కంపెనీకి అమ్మడం కుదరదు. వాళ్ళలో ఒకరు నెట్‌లో పెట్టుకున్న మారుపేరు 'నత్త'. గడువు ఈ సాయంత్రమే.

"ఏమంటాడు?"

"ఒకటే ముక్క. 'ఊరికే ఇచ్చింది అమ్మడానికి కాదు' అని రాశాడు. పోనీ, ఆయన భాగం తీసేసి ఇంకొకరితో రాయించండి."

"ఏం తీస్తాం? మందుచీటీ మీద అచ్చయ్యే మాటలన్నీ నత్తవే." అతను నీరసంగా నవ్వాడు. "మొదట్లో నేను 'భోజనానంతరం సేవించవలెను' అని పెట్టాను. 'అది అర్థంకాక మా వీధిలో ఒకావిడ రెండు పూటల మాత్రలూ ఒకేసారి మింగింది, నీకు బుద్ధుందా' అని చీవాట్లు పెడుతూ రాశాడు. 'తిన్నాక ఒకటి వేసుకోండి' అని తనే మార్చాడు. అప్పట్నుంచి అన్నీ ఆయనే. పేరుకి నత్తే గానీ తప్పు దొరికితే తేలులా కుడతాడు. అసలు కొనేవాళ్ళకి కావలసింది కూడా ఆ మాటలేగా?"

"కొన్నాక తాళం వేసి ప్రతి క్లినిక్కు దగ్గరా వసూలు చేస్తారు. అది పసిగట్టే మొండికేశాడు."

"ఆ సంగతి నాకు మాత్రం తెలీదా?"

అతనికి సిగ్గేసింది. కానీ సిగ్గుకన్నా అలసట ఎక్కువగా ఉంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఊరికే వాడుకునేవాడు ఇంకా గట్టిగా అడుగుతాడు. స్నానానికి వెళ్తే ఫోను, పిల్ల పుట్టినరోజున ఫోను, జ్వరంతో పడుకుంటే ఫోను. ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత ఇన్నేళ్ళు తిట్లు తిన్నాడు. ఇక చాలు, అమ్మేసి ఒక మూల పడుంటానని నిశ్చయించుకున్నాడు.

భార్య కంచాలు తెచ్చి పెట్టింది. వెనకే లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడదు. చురక ఏదైనా కూతురి మీదుగా రావలసిందే.

"మీ ఆయన్ని ముందు తినమనవే. ఊరందరికీ పంచిపెట్టే చెయ్యి, తన కంచంలోకి వెళ్ళడానికి మాత్రం బరువా?"

లాయరు నవ్వు ఆపుకున్నాడు.

"మీ అమ్మకి చెప్పు," అన్నాడతను భార్యతో. "ఇవాళ్టితో దానకర్ణుడు దుకాణం కట్టేస్తున్నాడని."

లోపల్నుంచి జవాబు రాలేదు. ఆవిడ ఒక మాటకి రెండు అనకుండా ఊరుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. అతనికది గమనించే ఓపిక కూడా లేకపోయింది. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

'నత్త గారూ, మీరెవరో, ఎక్కడుంటారో నాకు తెలీదు. ఇన్నేళ్ళూ తిట్టినా నా మంచికే తిట్టారు. నేను అలిసిపోయానండీ. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఒక్కసారి సరేననండి, చాలు. మీరెక్కడున్నా వచ్చి కాళ్ళు పట్టుకుంటాను.'

"అంత దిగిపోకండి సార్," అన్నాడు లాయరు.

"ఇంకా దిగడానికి మెట్లెక్కడున్నాయి?" అని పంపేశాడు.

ముగ్గురూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. కంచాల్లో అన్నం చల్లారిపోయింది. భార్య రెండుసార్లు తినమంది, తర్వాత ఆవిడా మానేసింది. కాసేపటికి జవాబు వచ్చింది. లాయరు పైకి చదివాడు.

"'కాళ్ళదాకా ఎందుకు? నేనే వస్తున్నాను.'"

"వస్తున్నాడా?" అతను దిగ్గున లేచాడు. "ఏ ఊరు, ఎక్కణ్ణుంచి? గడువులోపల చేరగలడా?"

"ఏదీ రాయలేదు." లాయరు అప్పటికే వీధి తలుపు తీసి మెట్ల మీద నిలబడ్డాడు. అతనూ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కూరగాయల సంచితో ఒకామె, సైకిలు తోసుకుంటూ ఒకతను వెళ్ళిపోయారు. ఎవరూ ఆగలేదు.

వెనకాల లోపలి గది తలుపు కిర్రుమంది. ఇద్దరూ తిరిగి చూశారు. అత్తగారు చేత్తో ఫోను పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, కూతురి వైపు కాకుండా అల్లుడి మొహంలోకి చూసింది.

"అలిసిపోతే పడుకోవాలి గానీ, అమ్ముకుంటారా బాబూ? ఇంత తిని వెళ్ళి పడుకోండి, ఇవాళ్టి ఫోన్లకీ తిట్లకీ నత్త జవాబు చెబుతుందిలే."