చుక్కమ్మ చెప్పని పేరు

అడవి ఎన్నికల్లో పిట్టల పార్టీ గెలిచింది. అధ్యక్షుడు ఎర్రయ్య, కోడిపుంజు, జుట్టు ఎగరేసుకుంటూ పుట్ట మీదికెక్కాడు. గెలిచిన రోజు చెట్టుచెట్టునా పనిచేసినవాళ్లను పేరుపేరునా తలుచుకున్నాకే దండ వేయించుకోవడం ఆ పార్టీ ఆనవాయితీ. ఎర్రయ్యకేమో ఒక్క పేరూ గుర్తుండి చావదు. ఎప్పటిలాగే పుట్ట వెనక నుంచి ముసలి కౌజుపిట్ట చుక్కమ్మ మెల్లగా అందిస్తోంది.

"మద్దిచెట్టు గోరింకమ్మ. జడివానలో తడుస్తూ ఓట్లడిగింది. వెదురుపొద పిచ్చుకమ్మ. గుడ్లు పొదుగుతూనే పొదంతా పార్టీలో చేర్పించింది."

ఎర్రయ్య గొంతెత్తి ప్రతి పేరూ పలికాడు. సభ రెక్కలు కొట్టింది.

"అంతే తమ్ముడూ, ఇక దండ వేయించుకో," అంది చుక్కమ్మ.

ఎర్రయ్య కదల్లేదు. ఏ గూట్లో ఎవరున్నారో ఎరిగినదెవరు? అలిగి వెళ్లిపోయినవాళ్లను బతిమాలి వెనక్కి తెచ్చిందెవరు?

"ఒకరిని వదిలేశావక్కా."

"అయ్యో, ఎవర్నిరా?" చుక్కమ్మ కంగారుపడిపోయింది. మద్దిచెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఎర్రయ్య దండ పట్టుకుని పుట్ట దిగాడు. ఆమె పేరు అడవంతా వినబడేలా కూశాడు.

ఆ ఒక్క పేరు మాత్రం అతనికి ఎవరూ అందించక్కర్లేకపోయింది.