పిండి తొట్టి

"ఊపిరి మెల్లగా తియ్యరా! పిండి ఎగిరెగిరి పడుతోంది."

"నువ్వొచ్చి పడుకో అక్కా ఇందులో. అప్పుడు తెలుస్తుంది."

తొట్టిలోంచి వచ్చిన ఆ గొంతు నిచ్చెనది. పదహారేళ్ళకే తల గుమ్మానికి తగిలేంత ఎదిగాడని తమ్ముడికి అక్క పెట్టిన పేరది. ఇప్పుడు ఆ ఎత్తే కొంప ముంచేలా ఉంది. అంత మనిషిని దాచడానికి వాళ్ళ రొట్టెల దుకాణంలో ఇంకెక్కడా చోటు లేదు. పిండి కలిపే పొడవాటి చెక్క తొట్టిలో వాణ్ణి మోకాళ్ళు ముడిచి పడుకోబెట్టింది. తల వైపు చెక్క మూత పెట్టి, దాని మీద జల్లెడ బోర్లించింది. మిగతా ఒంటి మీద గోనెపట్టా కప్పి, పైన బెత్తెడు మందాన కలిపిన పిండి ముద్ద పరిచింది.

వారం నుంచి ఏటి అవతలి నుంచి ఊరి మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. పొద్దున సైనికుల ట్రక్కు వచ్చి వీధి మొదట్లో ఆగింది. ఇల్లిల్లూ గాలించి, పదహారు నిండిన మగపిల్లల్ని ఎక్కించుకుంటున్నారు. మొన్న పక్క వీధి నుంచి తీసుకుపోయినవాళ్ళలో ఒక్కడి కబురూ లేదు.

అమ్మ నర్సు. గాయపడ్డవాళ్ళని వదిలి ఆసుపత్రి నుంచి కదల్లేకపోతోంది. వెళ్ళేటప్పుడు, "వాణ్ణి నీ చేతుల్లో పెట్టి పోతున్నానే" అంది. పదిహేడేళ్ళ పిల్ల చేతులవి. ఒక్క క్షణం నిలకడగా ఉండడం లేదు. బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. పొయ్యి తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది.

బూట్ల చప్పుడు గుమ్మంలోకి వచ్చేసింది. ముందు అధికారి, వెనక ఒక కుర్ర సైనికుడు. ఆ కుర్రాడి ముఖం ఒక్కసారి చూసి ఆమె చప్పున చూపు తిప్పుకుంది.

అధికారి గోడ మీది నాన్న ఫొటో ముందు ఆగాడు. నాన్న సైనిక దుస్తుల్లో ఉన్న ఫొటో అది.

"ఈయన కొడుకేడి?"

"మా అత్త వాళ్ళ ఊరు వెళ్ళాడండీ."

"ఈ వీధి పిల్లలందరూ అత్తల ఊళ్ళకే పోయారమ్మా. ఇంతమంది మేనత్తలున్న వీధి నేనెక్కడా చూళ్ళేదు."

అంటూనే బాయినెట్‌తో బస్తాలు పొడవడం మొదలుపెట్టాడు. పిండి జలజలా నేల మీదికి కారింది. ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. బస్తాలు అయిపోయాయి. బాయినెట్ తొట్టి మీదికి లేచింది.

"దాని జోలికి పోకండి!"

అధికారి కనుబొమలు ముడిచాడు. "ఏం? ఏముంది అందులో?"

"పిండి పొంగుతోందండీ. ఇప్పుడు గుచ్చితే గాలంతా పోయి రొట్టె ఇటుకరాయిలా వస్తుంది. సాయంత్రం మీ శిబిరానికి వచ్చేది ఆ రొట్టే, తినాల్సింది మీరే. తర్వాత నన్నంటే నేనేం చెయ్యను?"

అధికారి ఆలోచనలో పడ్డాడు. తిండి మాట వచ్చేసరికి ఎంతటివాడికైనా చెయ్యి కాస్త వెనక్కి తగ్గుతుంది. బాయినెట్ దించి, "నువ్వు చూసి రారా" అని కుర్రాడికి చెప్పి, పక్కింటి వైపు నడిచాడు.

కుర్రాడు తొట్టి మీదికి వంగాడు.

పిండి మెల్లగా లేచింది. మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది.

పొంగే పిండి పొంగుతూనే పోతుంది తప్ప ఇలా లేచి దిగదు. ఈ సంగతి రొట్టెల వాళ్ళకే తెలుసు, వీడికేం తెలుస్తుందిలే అని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. కానీ కుర్రాడు చూపు తిప్పడే! ఆమె చెయ్యి వెనక్కి పోయి, పొయ్యిలోకి రొట్టెలు తోసే తెడ్డును పట్టుకుంది. తమ్ముడి కోసం ఈ కుర్రాడి తల పగలగొట్టడానికైనా ఆమె సిద్ధమే. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఊహకు అందలేదు.

కుర్రాడు బల్ల మీది తడిగుడ్డ తీశాడు. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు పిండి మీద పరిచాడు, అంచులు లోపలికి దోపాడు.

"పిండే సార్! ఇంకేం లేదు!" అని బయటికి వినపడేలా అరిచాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "బండి వెళ్ళిపోయేదాకా కదలొద్దని చెప్పు వాడికి" అన్నాడు.

ఆమె చేతిలోంచి తెడ్డు జారిపోయింది. కుర్రాడి వెనకే గుమ్మం దాకా నడిచింది.

పోయిన నెల దాకా తరగతిలో తన వెనక బెంచీ మీద కూర్చున్నవాడే ఆ కుర్రాడు. గాలింపు ముగిసి వాడు ఎక్కగానే ట్రక్కు ఏటి గట్టు వైపు కదిలింది. ఏరు దాటి శత్రువు ఇంకా రానేలేదు; ఆ ట్రక్కు మీద ఎగురుతున్నది, వాళ్ళిద్దరూ రోజూ బడిలో వందనం చేసిన జెండాయే.